శోకానికి పేరు కావల్ల

నవంబరు 11, సోమవారం

ఈ నోటుబుక్కు స్తుతిది. ముందుపక్క పదకొండు పేజీల్లో దాని పాటలుండాయి. రాసి కొట్టేసినవి, కొట్టేసి మళ్ళా రాసినవి. వాటి జోలికి పోకుండా వెనకపక్క నుంచి నేను రాసుకుంటాండా. నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే ఉండనీ. దిద్దే బిడ్డ లేదు గదా.

వసంతకుమార్ వచ్చిపోయినాడు. స్తుతి పాటల యవ్వారమంతా చూసుకున్న మనిషి. ప్రోగ్రాములు మాట్లాడేది, రికార్డింగు చేయించేది, యూట్యూబ్‌లో పెట్టేది అన్నీ ఆయనే. కడప నుంచి కార్లో వచ్చినాడు. బిడ్డ పటం ముందర చేతులు కట్టుకోని కొంచేపు నిలబడినాడు. యాపిల్‌పండ్ల కవరు మంచం మీద పెట్టి మెల్లగ అడిగినాడు.

"కృపమ్మా, పాప పాత ఫోను ఏమన్నా దొరికిందా? గాజు పగిలింటాది చూడు, అది."

"కార్లో పోయింటాది నాయనా."

"కార్లో పోయింది కొత్త ఫోనమ్మా. పాతది రికార్డింగులకు వాడేది. ఇంట్లో పెట్టి వచ్చినా అని నాతో చెప్పింది."

"నాకు తెలీదు."

మా ఇంటాయన దాసన్న గోడకు ఆనుకోని కూచోనుండాడు. "బాగా వెతుకు మే. బిడ్డ గొంతు ఉంటాది గదా దాంట్లో" అన్నాడు.

"వెతికినా. లేదు."

మార్చి పద్నాలుగుకు స్తుతి పోయి ఏడాది నిండుతాది. ఆ దినానికి ఒక పాట తేవల్లంట. "దాంట్లో నువ్వు పాడింది గూడా ఉండాదంట గదమ్మా. మీయమ్మ కాలం నాటి శోకం. పాప చెప్పింది. మాకు అది మొత్తం కావల్ల" అన్నాడు వసంతకుమార్.

ఫోను యాడుండాదో నాకు తెలీదు.

నవంబరు 12

తెలీదు.

నవంబరు 17, ఆదివారం

చర్చిలో జ్ఞానరాజు అయ్యగారు ప్రసంగం చెప్తా చెప్తా మళ్ళా నా పేరు ఎత్తినాడు. "మన కృపమణమ్మను చూడండి. కన్నబిడ్డను మట్టిలో పెట్టేటప్పుడు గూడా అన్యుల మాదిరి శోకాలు తీయలేదు. ఒక్క కన్నీటి బొట్టు రాలలేదు. అదీ పరలోకం మీద నిరీక్షణంటే." అందరూ తిరిగి నన్నే చూసినారు. తల వంచుకున్నా.

బయటికి వచ్చినంక మా ఆడబిడ్డ ప్రేమజ్యోతి నా పక్కన నడుస్తా, "అయ్యగారు నిన్ను బైబిల్లో యోబు పక్కన కుర్చీ ఏసి కూచోబెట్టినాడు వదినా. ఇంగ నీకు ఒంటినిండా పుండ్లు లేచేదొకటే తక్కువ" అని నవ్వింది. మళ్ళా నవ్వు ఆపి, "నిజం చెప్పు. ఏడుపు ఎట్ల రాకుండా ఉంటాది? ఆ పొద్దు సమాధి కాడ నేను నీ మొగమే చూస్తాంటి. నోరు తెరిచినావు. మళ్ళా మూసినావు" అనె.

కొందరికి రాదు. అంతే.

నవంబరు 26, మంగళవారం

పేపరోళ్ళు స్తుతిని "కడప కోయిల" అని రాసిన ముక్క ప్రేమజ్యోతి దాచిపెట్టి ఈపొద్దు తెచ్చిచ్చింది. ఆ మాటంటే స్తుతికి మంట. "కోయిలకు ఒకటే పాట వస్తాదమ్మా, నాకు శానా వచ్చు" అనేది. అందుకే నాకు తెలిసింది నేను రాసి పెడతాండా.

చర్చి కొయిరులో పాడతా ఉండె. పద్నాలుగేళ్ళకు సొంతంగా కీర్తన కట్టింది. పుస్తకంలో లేని కీర్తన పాడొద్దన్నాడు అయ్యగారు. సరే అని ఇంట్లో పాడుకున్నింది. కడపలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో దుప్పటి ముసుగేసుకోని, ఆ దుప్పట్లోనే ఫోనుకు పాడి మొదటి పాట యూట్యూబ్‌లో పెట్టింది. వాళ్ళ నాయన మీద.

ఏడున్నర బస్సెక్కిన నాయన ఏడున్నరకే దిగుతాడు
నడుమనున్న పగలంతా ఏ రాయి కింద పడిపోయె

దాసన్న పనిచేసేది ఎర్రగుంట్ల పక్కన నాపరాళ్ళ మిషను కాడ. ఆడి కూలోళ్ళందరూ ఫోన్లలో పెట్టుకున్నారు ఆ పాట. ఈయన మటుకు "నన్ను బజార్న పెట్టింది" అని రెండు దినాలు కూతురితో మాట్లాడలే. మూడోనాడు చూస్తే మేకలకు నీళ్ళు పెడతా అదే పాట కూనిరాగం తీస్తాండాడు.

తర్వాత "నాపరాయి". అది బెంగళూరు దాకా పోయింది.

నాపరాయి మీద పండుకుంటే వీపుకు తెలుస్తాది
వాన ఇంకెంత దూరముండాదో

దాని పద్ధతి దానిది. సినిమా తెలుగు రాసేది కాదు, మనం మాట్లాడుకున్నట్లే రాసేది. గొంతు తీపి చేసేది కాదు. స్టూడియోలో ఊపిరాడదని ఇంటికొచ్చి మన పంచలో పాడేది. మేక అరిచినా, పక్కింట్లో మిక్సీ తిరిగినా తీసెయ్యనిచ్చేది కాదు. "ఉండనీండి, మా ఊరు గూడా పాడుకుంటాంది" అనేది. పాట చివరికొచ్చేసరికి గిటారు, డప్పు అన్నీ ఆపిచ్చి ఉత్త గొంతుతో ఒక్క లైను పాడేది. లైను అయినంక ఒక ఊపిరి వినపడేది. ఆ ఊపిరి కోసేద్దామని వసంతకుమార్ అంటే కొట్లాడింది. "అది కోసేస్తే పాడింది మనిషని ఎట్ల తెలుస్తాది?"

ప్రోగ్రాములకు పోయినంక అయ్యగారే మనిషిని పంపించినాడు, కన్వెన్షన్లో పాడమని. "పుస్తకంలో ఉండేదా, లేందా?" అని అడిగి పంపిచ్చింది గడుగ్గాయి.

ఆఖరి పాట "ఉత్త చేతులు". అందరికీ తెలిసింది ఆ పాటే. దాని గురించి ఇంకో పొద్దు రాస్తా.

డిసెంబరు 8, ఆదివారం

వసంతకుమార్ మళ్ళా ఫోన్ చేసినాడు. "ఫోను దొరక్కపోతే పోనీలే అమ్మా. నీకు వచ్చు గదా. నువ్వే పాడు" అంటాండాడు.

మర్చిపోయినా అని చెప్పినా.

మర్చిపోయేది యాడ. మాయమ్మ చుట్టుపక్కల ఏడూళ్ళకు పోయేది. ఎవరింట్లో పీనుగ లేచినా మాయమ్మ కోసం మనిషి వచ్చేటోడు. మాయమ్మ ముందు ఎత్తుకుంటే కడమ ఆడోళ్ళు అందుకునేటోళ్ళు. నేను కొంగు పట్టుకోని పక్కన నిలబడి నేర్చుకున్నా. మాయమ్మకు మూడు కట్లుండె. పీనుగ ముందర తప్ప శోకం తీయగూడదు. పేరు లేకుండా శోకం నిలబడదు, పోయినోళ్ళ పేరు పిలిచి తీయల్ల. ఒక పేరుకు ఒక్కసారే.

నేను బాప్తిస్మం తీసుకున్నంక ఇవన్నీ వదిలేసినా. మాయమ్మ పోయినప్పుడు మటుకు తీసినా. అప్పటి అయ్యగారు గూడా చూడనట్లు పక్కకు పోయినాడు.

డిసెంబరు 15

జొన్నలు చెరిగినా. డబ్బా అడుగు దాకా తీయలే. పైనవే శానా ఉండాయి, అడుగువి ఎందుకు.

డిసెంబరు 25

చర్చికి పోయినాం. వచ్చినాం.

జనవరి 9, గురువారం

ఈ పొద్దుకు ఏడాది. స్తుతి పోయి కాదు. ఆ రికార్డింగు చేసి.

ఫోను జొన్నల డబ్బాలో ఉండాది. నేనే పెట్టినా. దాసన్న పనికి పోయినంక తీసి, చార్జింగు పెట్టి, వింటా. మళ్ళా పెట్టేస్తా. ఇంగ దాచుకోని ఏం లాభం, ఇది నా పుస్తకం.

పోయినేడు జనవరిలో మూడు దినాలుండిపోదామని ఇంటికొచ్చింది. "ఉత్త చేతులు" రాస్తాండాది, చివర కుదరలే. కోసేది, మళ్ళా రాసేది. తొమ్మిదో తారీకు మధ్యాన్నం నేను పంచలో శెనక్కాయలు వలుస్తాంటే వచ్చి కూచున్నింది.

"అమ్మా, అవ్వ శోకం ఒకసారి తీయి. ఆ ఇరుపు గావల్ల నాకు, గొంతు ఇరిగేది."

"ఇంట్లో పీనుగ లేకుండా తీయగూడదు పాపా."

"బాప్తిస్మం తీసుకున్నదానివి, ఇవన్నీ నమ్ముతావా?"

"నమ్మేది కాదు. నోరు రాదు."

రాదంటే ఇడిచిపెట్టే బిడ్డా. ఫోను తీసింది. ఏ రికార్డింగు చేసినా ముందు తారీకు, ఊరు చెప్పుకునే అలవాటు దానికి. "జనవరి తొమ్మిది, మా పంచ, అమ్మ" అని చెప్పి నా ముందర పెట్టింది. పేరు లేకుండా ఊరికే రాగం తీసినా. నిలబడలే. నీళ్ళల్లో పిండి మాదిరి జారిపోతాంది. మాయమ్మ పేరు తీద్దామంటే అది ఒకసారి అయిపోయిన పేరు.

"అయితే నా పేరు పెట్టు" అనె.

"నోర్ముయ్."

"పాటే గదమ్మా. పేరు వచ్చిన కాడ కోసేస్తాలే."

తీసినా.

ఎండకు ఓర్చినదానివే నా స్తుతీ, ఏ నీడకు పోతివే
వాకిట చెప్పులు ఉండాయే నా స్తుతీ, కాళ్ళు యాడ మరిస్తివే

కండ్లు మూసుకోని వింటాండాది. మొగమంతా నవ్వు. రెండు చరణాలు చాలు అనింది. నేను ఆపలే. ఇది ఎవరికీ చెప్పలే, ఈడ రాస్తాండా. నాకు బాగుండె. ఎన్నేండ్లకో నోరారా గొంతెత్తినా. మాయమ్మే నా నోట్లోంచి వస్తాండాదనిపించె. ఇంకో నాలుగు తీసినా. సమాధి మీద మన్ను పోసే చరణం దాకా పోయినా. అది తీస్తేనే శోకం ముగిసినట్లు.

అయినంక స్తుతి "ఆకలైతాంది" అని రెండు ముద్దల సంగటి తినింది.

"ఉత్త చేతులు" చివర వినపడే ఆడమనిషి గొంతు నాది. పేరు కోసేసి రాగం మటుకు పెట్టింది. ఊరూరా విన్నారు.

రెండు నెలలకు, మార్చి పద్నాలుగున, కర్నూలులో ప్రోగ్రాం ముగించుకోని కార్లో వస్తాంటే చాగలమర్రి దాటినంక టైరు పగిలింది.

సమాధి కాడ ఆడోళ్ళందరూ నా దిక్కు చూస్తాండారు, ఎప్పుడు ఎత్తుకుంటానా అని. నోరు తెరిచినా. ఏముండాది, దాని పేరు అయిపోయింది. మన్ను పోసేసినా గదా నేను, జనవరిలోనే.

జనవరి 10

రాయకుండా ఉంటే బాగుండు.

ఫిబ్రవరి 3, సోమవారం

వసంతకుమార్ ఒక పాపను పిల్చుకోనొచ్చినాడు. పేరు సాహితి. వేంపల్లె. వాళ్ళకు అరటితోటలుండాయంట. పందొమ్మిదేండ్లు. మార్చి పదిహేను కర్నూలులో స్తుతి జ్ఞాపకంగా ప్రోగ్రాం పెట్టినారు, దాంట్లో స్తుతి పాటలు ఈ పాప పాడల్ల. కొత్త పాట గూడా ఈ పాపదే. నడుమ నా శోకం రావల్లంట.

దాసన్న కొత్త కుర్చీ తెచ్చి ఏసినాడు. ఆ పాప కుర్చీలో కూచోకుండా నా పక్కన బండ మీద కూచున్నింది. చెంబుతో నీళ్ళిస్తే తాగింది.

"నాపరాయి" పాడింది. గొంతు మంచిదే. పానకం మాదిరి ఉండాది.

"అంత తీపి చేయొద్దు పాపా. రాయి మీద పండుకున్నట్లు పాడల్ల, పరుపు మీద కాదు."

"ఎట్లమ్మా?"

"వీపు నొయ్యల్ల."

నవ్వింది. మళ్ళా పాడింది. ఈసారి కొంచెం నొచ్చింది.

వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఆ పాప నా చేతికిచ్చింది. "అక్కా, మా బిడ్డకు మజ్జిగ పోయొద్దు, గొంతు పట్టేస్తాది. ఎండలో తిప్పనియ్యాకు. నీ బిడ్డ మాదిరి చూసుకో" అనె ఆయమ్మ.

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే బాగుండు.

శోకం రాదని మళ్ళా చెప్పినా. వసంతకుమార్ "తొందరలేదులే కృపమ్మా. పాప మళ్ళా వస్తాది" అన్నాడు. ఆ మనిషికి కోపం రాదు. తెచ్చుకుంటే బాగుండు.

ఫిబ్రవరి 10

సాహితి వచ్చింది. పాటలు నేర్పిస్తాండా అంతే. శోకం కాదు.

ఫిబ్రవరి 13

వచ్చింది. చివర లైనుకు ఎట్ల ఆగల్లనో చెప్పినా. ఆ ఊపిరి ఊరికే వదిలేది కాదు, లైను మోసి దించినంక వచ్చే ఊపిరి అని. పట్టుకున్నింది. పంచలోంచి వినపడితే దాసన్న బయటినుంచి పరుగెత్తుకోనొచ్చి, చూసి, మళ్ళా పోయినాడు.

పాటలే.

ఫిబ్రవరి 19, బుధవారం

పిండి పట్టిచ్చుకోనొస్తానని దాసన్న జొన్నల డబ్బా తిరగబోసినాడు. ఫోను పడింది.

నా దిక్కు చూడలే. పంచలోకి పోయి కూచోని విన్నాడు. "జనవరి తొమ్మిది, మా పంచ, అమ్మ" అని స్తుతి గొంతు. వెనకనే నాది. మొత్తం విన్నాడు, మన్ను పోసేదాకా.

నేను అంతా చెప్పినా. కట్లు, పేరు, అన్నీ.

ఫోను చేతిలో తిప్పుతా అన్నాడు. "టైరు పగిలింది నీ పాటతోనా? పాటలకు టైర్లు పగిలేటట్లుంటే ఈ దేశంలో ఒక్క బండి తిరగదు. నలబై ఏండ్లుగా చర్చికి పోతాండావు. యాడన్నా ఉండాదా ఈ మాట?"

"నా నోరే గదయ్యా..."

"నీ నోరు కాదు, నీ పిచ్చి. వసంతప్ప అడుగుతాండాడు గదా, పాడు. పాడేసెయ్. అందరూ బాగనే ఉంటారు. అప్పుడన్నా నీకు ఇడుస్తాది."

ఫోను తుండుగుడ్డలో చుట్టి ఆయన పెట్టెలో పెట్టి బీగం ఏసినాడు. సంగటి పెడితే ముద్ద ఇరిచి అట్లనే ఇడిచిపెట్టినాడు.

ఫిబ్రవరి 24

అయిదు దినాలైంది ఆయన నాతో మాట్లాడి. "నీళ్ళు" అంటాడు. "తలుపు" అంటాడు. మాట్లాడినట్లే గదా అది.

ఫిబ్రవరి 27

వసంతకుమార్‌కు సరే అని చెప్పినా. దాసన్నే పాడమన్నాడు గదా.

మార్చి 4, మంగళవారం

అంతా వరసగా రాస్తా.

పొద్దున తొమ్మిదికి వచ్చినారు. స్తుతి చేసినట్లే ఇంట్లోనే చేద్దామన్నాడు వసంతకుమార్. మంచం మీద రెండు మైకులు పెట్టినాడు. చెవులకు పెద్దవి తగిలిచ్చుకున్నాడు. సాహితి బండ మీద కూచున్నింది, నా మోకాలు తగిలేటట్లు. దాసన్న బయట గోడవార నీడకు కూచోని నాపరాయి చెక్కుతాండాడు. స్తుతి సమాధికి పెట్టే రాయి. పద్నాలుగుకు కావల్ల. ఉలి చప్పుడు టక్ టక్‌మని వస్తాంది.

పేరు లేకుండా రాగం తీసినా. వసంతకుమార్ చెయ్యెత్తినాడు.

"ఏందో లోటుండాదమ్మా. స్తుతి పాప దాంట్లో ఒక పట్టు ఉండె."

"పేరు లేకుంటే నిలబడదు నాయనా."

"స్తుతి పేరే పెట్టు. ఇంగెవరి పేరు పెడతావు?"

"దాని పేరు అయిపోయింది."

ఆయనకు అర్థం కాలే. నేను చెప్పలే. అప్పుడు సాహితి నా చెయ్యి పట్టుకున్నింది.

"నా పేరు పెట్టండమ్మా. నాకేం భయం లే."

వసంతకుమార్ "అట్ల పెట్టు. ఎవరి పేరైతే ఏంది, తర్వాత కోసేస్తాం" అనె.

నేను ఆ బిడ్డ మొగం చూస్తాండా. నోరు తెరిచినానో లేదో నాకే తెలీదు. గొంతులోకి వచ్చేసింది మటుకు నిజం. నా సాహితీ అని. మాయమ్మ ఎక్కి కూచున్నట్లుండె.

ఉలి చప్పుడు ఆగింది.

"వద్దు! ఆ పిల్ల పేరు వద్దు!"

దాసన్న. ఉలి చేతిలోనే ఉండాది, లోపలికొచ్చినాడు. ఒళ్ళంతా రాతిపొడి.

"ఏమైంది దాసన్నా?" అని వసంతకుమార్ లేచినాడు.

"ఆ పిల్లకు తల్లుండాది. వద్దంటే వద్దు."

ఆ పాప నా చెయ్యి ఇడిచింది. నేను ఆయన్ను చూస్తాండా. పాటకు టైరు పగలదని చెప్పిన మనిషి.

అంటే, ఆయన గూడా.

"అయితే నా పేరు పెడతా" అన్నా.

ఆయన నన్ను చూసినాడు. ఉలి చూసుకున్నాడు. బయటికి పోయినాడు.

ఎత్తుకున్నా. ఎవరూ ఏడ్చే పని లేకుండా నన్ను నేనే ఏడ్చుకున్నా, మాయమ్మ నన్ను ఏడ్చినట్లు.

బిడ్డను మోసిన నడుమే నా కృపమణీ, బిడ్డ బరువు దించలేకపోతివే
పిలిచే నోరు మన్ను కిందుండాదే నా కృపమణీ, నీ పేరెవరు పలికేరే

నిలబడింది. ఎక్కడా జారలే. రెండో చరణానికి బయట ఉలి చప్పుడు మళ్ళా మొదలైంది. ఆపలే ఆయన. నేను గూడా ఆపలే. మన్ను పోసేదాకా తీసినా.

అయినంక సాహితి ఏడుస్తాండాది. వసంతకుమార్ చెవులవి తీసి, "ఉలి చప్పుడు పడిందమ్మా. ఉండనీలే. స్తుతి గూడా ఉండనిచ్చేది. పేరు గూడా కోసేది లేదు. కృపమణి, ఇదే పాట పేరు పెడదాం" అన్నాడు. ఆ మనిషికి అన్నీ పనికొస్తాయి.

మార్చి 6

నా పేరు పెడతా అన్నప్పుడు ఆయన వద్దనలే, వినపడలేదేమో. ముప్పై ఏండ్లు రాళ్ళ మిషను కాడ పనిచేసినోళ్ళకు చెవులు మందం గదా.

మార్చి 9, ఆదివారం

వినపడలేదు.

మార్చి 14, శుక్రవారం

ఏడాది. సమాధి కాడ కూడిక పెట్టినాం. రాయి బాగా చెక్కినాడు. జ్ఞానరాజు అయ్యగారు ప్రార్థన చేసినాడు. నా విశ్వాసం గురించి మళ్ళా చెప్పినాడు. ప్రేమజ్యోతి నా ఈపు మీద చెయ్యేసి ఉండె.

మాయిటాల, దీపాలు పెట్టే పొద్దుకు, పాట వదిలినారంట. మాయింట్లో ఎవరూ వినలే. పక్కింట్లో పెట్టినారు, మేము తలుపేసుకున్నాం.

మార్చి 15

కార్లు ఈపొద్దు కర్నూలుకు పోతాండాయి. అదే దావ.

మార్చి 16

సాహితి ఫోన్ చేసింది. ప్రోగ్రాం బాగా జరిగిందంట, జనం లేచి నిలబడినారంట. "ఇంటికి చేరినావా?" అని అడిగినా. "చేరినా, మాయమ్మ సంగటి కలుపుతాండాది" అనె. వాళ్ళమ్మను పిలిచి ఫోన్ ఇమ్మన్నా. ఆయమ్మ గొంతు వినేదాకా నమ్మలే.

ఆ బిడ్డ బాగుండాది. నేను గూడా బాగుండా. ఒళ్ళు కొంచెం ఎచ్చగుండాది, ఎండలకేమో.

మార్చి 19

"చెవులు చూపిచ్చుకుందాం పా" అని దాసన్నతో అన్నా. "నా చెవులకేమైంది?" అన్నాడు. "మందమైనాయి. మొన్న గూడా నేను పిలిస్తే పలకలే" అన్నా. ఎప్పుడు పిలిచినావని అడగలే. సరే అన్నాడు.

మార్చి 22, శనివారం

పొద్దున బస్సుకు కడపకు పోయినాం. చెవుల డాక్టరు చిన్నవాడు. చెవుల్లో లైటు ఏసి చూసినాడు, గదిలో కూచోబెట్టి చప్పుళ్ళు వినిపిచ్చినాడు. నేను బయట బల్ల మీద కూచున్నా. దేవుడా మందమని చెప్పనీ అని ప్రార్థన చేసినా.

"వయసుకు బాగనే ఉండాయి పెద్దాయనా. ఈ పనిలో ఉండేటోళ్ళకు ఇంత బాగుండేది తక్కువ. మెల్లగ మాట్లాడినా వినపడతాది మీకు."

దాసన్న చొక్కా గుండీ పెట్టుకున్నాడు. నా దిక్కు చూడలే. నేను గూడా చూడలే. బస్టాండు దాకా ఒకరెనక ఒకరం నడిచినాం.

తిరిగొచ్చేటప్పుడు బస్సు నిండా జనం. నాకు ముందర ఆడోళ్ళ సీట్లో చోటు దొరికింది. ఆయన వెనక్కి పోయినాడు. కడప దాటి కొంచెం దూరం పోయినంక, వెనక ఎవరిదో ఫోన్లో పాట మొదలైంది. సాహితి గొంతు. తీపి పోయింది దాంట్లో, బాగా పాడింది బిడ్డ. దాని వెనక నేను. నా కృపమణీ. నా పక్కన కూచున్న పూలమ్మే ఆయమ్మ కొంగుతో కండ్లు తుడుచుకోని, "ఏ తల్లి కన్న బిడ్డనో పాపం, ఆ కృపమణి" అనె నాతో.

నేను ఊఁ అన్నా.

పాట అయిపోయింది. చివర ఊపిరి వినపడింది. ఉలి చప్పుడు గూడా. బస్సంతా గమ్మునుండాది. వెనక ఎవరో పెద్దమనిషి అడుగుతాండాడు.

"ఎవరప్పా ఈ కృపమణి? ఈ పక్క మనిషేనంట గదా."

దాసన్న గొంతు. మిషను కాడ అలవాటు, మెల్లగ మాట్లాడేది రాదు ఆయనకు.

"నా పెండ్లాము."

"అయ్యో. ఎప్పుడప్పా?"

బస్సు గేరు మార్చినారు.

"పోయినేడు" అన్నాడు. "మార్చిలో."

నేను వెనక్కి తిరగలే. కమలాపురంలో దిగినాం. ఆయన నా చేతిలో సంచి తీసుకున్నాడు. "ఎండ శానా ఉండాది, తలమీద చెంగు కప్పుకో" అన్నాడు.

కప్పుకున్నా.